వాకర్ లేకుండా నడక: బోర్లా పడటం నుంచి తొలి అడుగుల దాకా బిడ్డకు తోడ్పడే విధానం

చక్రాల వాకర్‌లో కూర్చోబెట్టిన ఏడెనిమిది నెలల బిడ్డను ఒకసారి నేలకు వంగి, కాళ్ల దగ్గర నుంచి గమనించండి. చాలామంది పిల్లల మడమలు నేలకు ఆనవు, మునివేళ్లు మాత్రమే నేలను తన్నుతుంటాయి. ఛాతీ ముందున్న ట్రే మీదకు వాలి ఉంటుంది, ఒంటి బరువును కాళ్లకు బదులు గుడ్డ సీటు మోస్తుంటుంది. బిడ్డ గదంతా తిరుగుతోంది కాబట్టి నడుస్తోందని మనం మురిసిపోతాం గానీ, నిజానికి అది కూర్చుని నేలను తన్నడమే.

నడకలో జరిగే పని దీనికి పూర్తిగా భిన్నమైనది. ఒక కాలు పైకి లేచిన క్షణంలో శరీరం బరువంతా రెండో కాలి మీదకు మారాలి, నడుము పక్కకు ఒరగకుండా తుంటి కండరాలు బిగిసి నిలవాలి, తూలితే చేతులు చాచి సర్దుకోవాలి, అప్పటికీ కుదరకపోతే మోకాళ్లు వంచి దెబ్బ తగలకుండా కూలబడటం తెలిసి ఉండాలి. వాకర్‌లో ఉన్నంతసేపూ ఈ పనులన్నీ చట్రమూ సీటూ చేసిపెడతాయి. పైగా ట్రే అడ్డుగా ఉండటం వల్ల బిడ్డకు తన కాళ్లు తనకే కనిపించవు, కాలు ఎలా కదిపితే ఏమవుతుందో కళ్లతో చూసి నేర్చుకునే వీలు కూడా ఉండదు.

మా పెద్దవాడి విషయంలో నేనూ వాకర్ కొన్నాను. తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం, నేను అదే గదిలో రెండు గజాల దూరంలో ఉండగానే, ముందు చక్రం చాప అంచుకు తట్టుకుని వాకర్ ముందుకు ఒరిగింది. పెదవి చిట్లడంతో పోయింది. అయితే నేను చూస్తూనే ఉన్నా చేయి అందించలేకపోయానన్న సంగతి మాత్రం మరచిపోలేదు. ఈ మార్గదర్శిలో వాకర్‌కు కొంచెమే చోటిచ్చి, నేల మీద చేయవలసిన పనుల గురించి ఎక్కువగా రాయడానికి కారణం అదే.

వాకర్ గురించి ముందుగా తెలుసుకోవలసినవి

వాకర్‌లోని బిడ్డ ఒక్క సెకనులో మూడు అడుగులకు మించిన దూరం వెళ్లగలదు. అంటే చేతిలోని గిన్నె కింద పెట్టి మనం వెనుదిరిగేలోపే బిడ్డ మెట్ల అంచుకో, పొయ్యి దగ్గరకో చేరిపోతుంది. కూర్చోబెట్టడం వల్ల ఎత్తు కూడా పెరుగుతుంది కాబట్టి, నేల మీద పాకే బిడ్డకు అందని వేడి పానీయాలు, వేలాడే విద్యుత్ తీగలు, మందు సీసాలు వాకర్‌లో ఉన్న బిడ్డకు అందుతాయి. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో నమోదైన వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం, ఆ కాలంలో 15 నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ గాయాలతో చికిత్స పొందారని అంచనా వేసింది. వాటిలో తొంభై శాతానికి పైగా తలకు, మెడకు తగిలిన దెబ్బలే, సుమారు నాలుగింట మూడు వంతుల ప్రమాదాలు మెట్ల మీద నుంచి పడటం వల్ల జరిగినవే. ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువ భాగం పెద్దవాళ్లు చూస్తుండగానే జరుగుతాయని అక్కడి పిల్లల వైద్యుల సంస్థ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. చక్రాల వాకర్ల తయారీని, అమ్మకాన్ని నిషేధించాలని ఆ సంస్థ ఏళ్ల తరబడి కోరుతోంది. కెనడా 2004 ఏప్రిల్‌లోనే వాటి అమ్మకాన్ని, దిగుమతిని, ప్రకటనలను నిషేధించింది.

ఇక నడక త్వరగా వస్తుందన్న ఆశ సంగతి. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, వాకర్‌లో గడిపిన ప్రతి 24 గంటల మొత్తానికి బిడ్డ ఒంటరిగా నిలబడటం, నడవడం మూడు రోజులకు పైగా ఆలస్యమైనట్టు కనిపించింది. రోజుకు గంట చొప్పున వాడితే నెలన్నరకే 40 గంటలు దాటుతాయి. అన్ని అధ్యయనాల్లోనూ ఇంత తేడా కనిపించలేదన్నది కూడా నిజమే. చివరికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరూ నడుస్తారు కాబట్టి, ఒకప్పుడు వాకర్ వాడినవారు అపరాధ భావంతో కుంగిపోనవసరం లేదు. అయితే వాకర్ నడకను ముందుకు తెస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు, నష్టానికి మాత్రం ఆధారాలు బోలెడు.

నెలల లెక్కను ఎలా చదవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యవంతులైన పిల్లల కదలికలను క్రమపద్ధతిలో నమోదు చేసి, 2006లో ఫలితాలను ప్రకటించింది. దాని ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, చేతులూ మోకాళ్ల మీద దోగాడటం 5.2 నుంచి 13.5 నెలల మధ్య, ఒంటరిగా నిలబడటం 6.9 నుంచి 16.9 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య జరుగుతాయి. ఈ అంకెల్లో అసలు గమనించవలసినది వాటి మధ్యనున్న దూరం. తొమ్మిది నెలలకే నడిచిన బిడ్డా, పదిహేడు నెలలకు నడిచిన బిడ్డా ఇద్దరూ సహజమైన పరిధిలోనే ఉన్నట్టు. పక్కింటి బిడ్డతో పోలిక పెట్టుకుని వాకర్ కొనడానికి బయలుదేరేవారు ముందు ఈ అంకెలను ఒకసారి చూసుకోవడం మంచిది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండేళ్ల వయసు వరకు సరిచేసిన వయసునే లెక్కలోకి తీసుకోవాలి. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఎనిమిది నెలలు నిండితే, కదలికల విషయంలో ఆరు నెలల బిడ్డగానే భావించాలి.

కింది దశలను క్యాలెండర్‌ను బట్టి కాక, బిడ్డ చూపే సంకేతాలను బట్టి అనుసరించండి. ఒక దశ కుదురుకోకముందే తర్వాతి దశలోకి తోసివేయడం వల్ల ప్రయోజనం ఉండదు.

మొదటి దశ: నేలను సిద్ధం చేయడం

నేర్చుకోవడానికి బిడ్డకు ముందుగా కావలసింది చోటు. గట్టిగా, సమంగా, జారకుండా ఉండే ఒక పరుపు చాప లేదా మందపాటి తివాచీ సరిపోతుంది. మెత్తటి పరుపు మీద చేయి ఆనిస్తే లోపలికి దిగిపోతుంది, అందువల్ల శరీరాన్ని పైకి లేపే బలం బిడ్డకు అందదు. పైగా మంచం మీద నుంచి దొర్లి పడే ప్రమాదం కూడా ఉంటుంది. ఆపైన పెద్దవాళ్లలో ఒకరు నేల మీద పడుకుని, బిడ్డ కళ్ల ఎత్తు నుంచి గదిని చూడాలి. బల్ల కింది మేకు, తెరిచి ఉన్న ప్లగ్గు, నోట్లో పెట్టుకోగల బొత్తాము, లాగితే మీద పడే బట్ట నిలబడి చూసినప్పుడు కనిపించవు. పుస్తకాల అలమరలను, టీవీ బల్లను గోడకు బిగించాలి, ఎందుకంటే కొద్ది నెలల్లో బిడ్డ వాటినే పట్టుకుని లేస్తుంది. మెట్లకు పైనా కిందా రెండు వైపులా గేట్లు అమర్చాలి. నీళ్లున్న బకెట్‌ను ఎప్పుడూ బిడ్డకు అందే చోట ఉంచకూడదు, రెండు అంగుళాల నీళ్లలోనూ పసిపిల్లలకు ప్రాణాపాయం కలుగుతుంది.

బట్టల విషయంలో ఒక చిన్న మాట. పొడవాటి ప్యాంటు, సాక్సులు వేసిన బిడ్డ నున్నటి నేల మీద పాకబోతే మోకాళ్లు, పాదాలు వెనక్కి జారిపోతాయి. చలి లేనప్పుడు మోకాళ్లు, పాదాలు బయటికి ఉంచితే చర్మమే పట్టునిస్తుంది.

రెండో దశ: బోర్లా పడుకోబెట్టడం

నిద్రపోయేటప్పుడు బిడ్డను ఎల్లప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి, దీనికి మినహాయింపు లేదు. మెలకువగా ఉన్నప్పుడు, మన కళ్ల ముందు మాత్రమే బోర్లా పడుకోబెట్టాలి. ఈ అలవాటును పుట్టిన తొలి రోజుల నుంచే, వెనక్కి వాలి కూర్చున్న తల్లి లేదా తండ్రి ఛాతీ మీద బిడ్డను బోర్లించి మొదలుపెట్టవచ్చు. మొదట రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. ఇంకా పాకడం రాని శిశువుకు రోజు మొత్తంలో, విడతలు విడతలుగా, కనీసం 30 నిమిషాలు బోర్లా గడిపే అవకాశం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. పాలు తాగిన వెంటనే కాకుండా, డైపర్ మార్చిన తర్వాత లేదా నిద్ర లేచి హుషారుగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకుంటే గొడవ తక్కువగా ఉంటుంది.

చాలామంది పిల్లలు మొదట్లో బోర్లా పడుకోబెట్టగానే ఏడుస్తారు. దానికి భయపడి మానేయనవసరం లేదు. ఒక చిన్న తువ్వాలును చుట్టి ఛాతీ కింద పెట్టి, చేతులు దాని ముందుకు వచ్చేలా, మోచేతులు భుజాల కిందికి ఉండేలా సర్దండి. తర్వాత మీరు కూడా ఎదురుగా బోర్లా పడుకుని, మీ ముఖం బిడ్డ ముఖానికి సమానమైన ఎత్తులో ఉంచి మాట్లాడండి. ఏ ఆటబొమ్మా ఈ వయసులో ముఖానికి సాటిరాదు. తల చాపకు ఆనించి లేపకుండా ఉండిపోతే అలసిపోయినట్టు. అప్పుడు ఒక్కసారిగా ఎత్తుకోకుండా, తుంటిని పట్టుకుని మెల్లగా పక్కకు దొర్లించి వెల్లకిలా తిప్పండి. దొర్లడం ఎలా ఉంటుందో బిడ్డ శరీరానికి అలా తెలుస్తూ వస్తుంది.

బిడ్డ ఎప్పుడూ ఒకవైపే తల తిప్పి ఉంచుతోందేమో ఈ దశలోనే గమనించాలి. రెండో వైపు నుంచి పలకరించండి, వెలుతురు, బొమ్మలు ఆ వైపున ఉండేలా పడక దిశ మార్చండి. అయినా మెడ బిగుసుకున్నట్టు అనిపిస్తే, లేదా తల ఒకవైపు చదునుగా మారుతుంటే, వైద్యులకు చూపించాలి, మెడ కండరం బిగుతు తొలి నెలల్లో సులువుగా సర్దుకుంటుంది.

మూడో దశ: దొర్లడం, కూర్చోవడం

నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు చాలామంది దొర్లడం మొదలుపెడతారు. సాయం చేయదలిస్తే, వెల్లకిలా ఉన్న బిడ్డ కుడి మోకాలిని మెల్లగా వంచి ఎడమవైపు అడ్డంగా తీసుకువెళ్లి, అక్కడ ఆగండి. మిగిలిన పని, అంటే నడుమును, భుజాన్ని తిప్పుకోవడం, బిడ్డకే వదిలేయాలి. కొన్ని క్షణాలు ఏమీ జరగదు, మన చేయి తొందరపడుతుంది, అయినా ఆగాలి. రెండు వైపులా ఇదే చేయాలి. మంచం మీదా, బట్టలు మార్చే బల్ల మీదా ఒక చేయి బిడ్డ మీద ఉంచడం పుట్టినప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి, తొలిసారి దొర్లడం ఎప్పుడన్నది ముందుగా తెలియదు.

కూర్చోవడం మొదట చేతులు ముందుకు ఆనించుకుని, మూడు కాళ్ల పీట మాదిరి మొదలవుతుంది. ఆ సమయంలో మీరు కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుని, బిడ్డను మీ కాళ్ల మధ్య కూర్చోబెట్టుకోండి. తూలితే మీ తొడలు ఆపుతాయి, కానీ సర్దుకునే శ్రమ బిడ్డదే. చుట్టూ దిండ్లు పెట్టి, లేదా ఒళ్లు కదలనివ్వకుండా పట్టి ఉంచే అచ్చు సీటులో దింపి గంటల తరబడి కూర్చోబెట్టడం వల్ల నడుము కండరాలకు పని దొరకదు. కాస్త కుదురు వచ్చాక బొమ్మలను ఎదురుగా పెట్టడం మాని, పక్కన, కొంచెం వెనకగా పెట్టండి. వాటిని అందుకోవడానికి నడుము తిప్పి, ఒక చేతి మీద బరువు వేసి వంగే క్రమంలోనే బిడ్డ కూర్చున్న స్థితి నుంచి చేతులూ మోకాళ్ల మీదకు రావడం నేర్చుకుంటుంది. కూర్చోబెట్టిన చోటే బొమ్మలన్నీ అందించే ఇళ్లలో బిడ్డకు కదలవలసిన అవసరమే రాదు.

నాలుగో దశ: పాకడం, దోగాడటం

పొట్ట నేలకు ఆనించి ఈడ్చుకుంటూ పాకడం ముందు వస్తుంది, పొట్ట పైకెత్తి చేతులూ మోకాళ్ల మీద దోగాడటం ఆ తర్వాత వస్తుంది. తొలిరోజుల్లో చాలామంది బొమ్మ కోసం ప్రయత్నించి, దానికి ఇంకా దూరంగా వెనక్కి జరిగిపోతారు. చేతులతో తోయడం ముందుగా వస్తుంది, మోకాళ్లను ఉపయోగించడం ఇంకా రాదు, అందుకే ఈ వెనక నడక. బిడ్డ కోపంతో ఏడుస్తున్నప్పుడు, వెనక నుంచి మీ అరచేతులను దాని అరికాళ్లకు ఆనించి గోడలా నిలపండి. తోయవద్దు. బిడ్డ తనంతట తానే మీ చేతులను తన్ని ముందుకు సాగుతుంది.

పొట్ట ఎత్తడం రాని బిడ్డకు మీ తొడ మంచి పనిముట్టు. నేల మీద కాలు చాపి, బిడ్డను దాని మీద అడ్డంగా ఉంచండి. చేతులు ఒకవైపు, మోకాళ్లు రెండోవైపు నేలకు ఆనాలి, పొట్ట మీ తొడ మీద ఉండాలి. ముందు ఒక బొమ్మ పెట్టి ఆడనివ్వండి. బరువు చేతుల మీదకు, మోకాళ్ల మీదకు కొద్దికొద్దిగా మారుతూ, ముందుకూ వెనక్కీ ఊగడం మొదలవుతుంది. ఆ ఊపు చూసిన ఇంట్లో దోగాడే రోజు ఎంతో దూరం లేనట్టే. తర్వాత దిండ్లు, మడిచిన దుప్పట్లు దారిలో వేసి ఎక్కించండి, కుర్చీ కింద నుంచి దూరనివ్వండి. సమతలం మీద సాగే పని అలవాటు కాగానే, ఎత్తుపల్లాలు కావాలి.

కొందరు కూర్చునే జరుగుతారు, కొందరు దోగాడకుండానే లేచి నిలబడతారు. ముందు చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలనలోనూ సుమారు నాలుగు శాతం పిల్లలు చేతులూ మోకాళ్ల మీద దోగాడటం కనిపించలేదు. రెండు చేతులూ రెండు కాళ్లూ సమానంగా వాడుతున్నంతవరకు ఇందులో కంగారుపడవలసినది లేదు.

ఐదో దశ: లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం

ఈ దశలో వాకర్ కొనాలన్న కోరిక బలంగా కలుగుతుంది, వాకర్ అవసరం అన్నింటికంటే తక్కువగా ఉండేదీ ఈ దశలోనే. బిడ్డ ఛాతీ ఎత్తున ఉన్న, కదలని, మొనలు లేని ఒక బల్ల లేదా సోఫా చాలు. దాని మీద నచ్చిన వస్తువు పెట్టి బిడ్డను ముందు మోకాళ్ల మీద నిలబడనివ్వండి. అక్కడి నుంచి ఒక పాదం ముందుకు తెచ్చి ఆనించి, దాని మీద బరువు వేసి లేవడమే సరైన క్రమం. రెండు చేతులతో మాత్రమే లాక్కుని లేస్తుంటే, ఒక తుంటిని మెల్లగా రెండోవైపు ఒరిగేలా పట్టుకోండి. బరువు తగ్గిన కాలు తనంతట తానే ముందుకు వస్తుంది. చంకల కింద చేతులు వేసి పైకి లాగి నిలబెట్టడం వల్ల ఈ క్రమమంతా తప్పిపోతుంది.

నిలబడటం వచ్చిన తర్వాత ఒక వింత సమస్య ఎదురవుతుంది. సోఫా పట్టుకుని లేచిన బిడ్డ కొంతసేపు విజయగర్వంతో నవ్వుతుంది, తర్వాత పిక్కలు వణుకుతాయి, సోఫా బట్టను పట్టుకున్న వేళ్లు బిగుస్తాయి, ఏడుపు మొదలవుతుంది. కారణం ఒక్కటే, కింద కూర్చోవడం ఎలాగో తెలియదు. కొందరు అర్ధరాత్రి తొట్టెలో లేచి నిలబడి ఏడ్చేదీ ఇందుకే. మనం ప్రతిసారీ ఎత్తి కూర్చోబెడితే సమస్య వారాల తరబడి సాగుతుంది. అందుకు బదులు, నిలబడిన బిడ్డ పక్కన, మోకాలి ఎత్తున ఒక బొమ్మను చూపండి. ఒక చేయి సోఫాను వదలకుండా, రెండో చేయి బొమ్మ కోసం కిందికి వస్తుంది, మోకాళ్లు వంగుతాయి. అప్పుడు బొమ్మను మరికొంచెం కిందికి దించండి. అవసరమైతే మీ చేతిని పిరుదుల కింద, తాకీ తాకకుండా ఉంచండి. ఇలా రోజుకు పదిసార్లు ఆటగా చేయిస్తే చాలామందికి కొద్ది రోజుల్లోనే వచ్చేస్తుంది. నా అభిప్రాయంలో మొత్తం నడక నేర్పులో పెద్దవాళ్ల సాయం నిజంగా ఉపయోగపడే ఘట్టం ఇదే, ఎందుకంటే కిందికి దిగడం తెలిసిన బిడ్డకు పడటమంటే భయం తగ్గుతుంది.

ఆపైన సోఫా పట్టుకుని పక్కపక్కకు అడుగులు వేయడం వస్తుంది. బొమ్మను ప్రతిసారీ ఒక అడుగు పక్కకు జరుపుతూ పోండి, కుడికి వెళ్లిన బిడ్డను ఎడమకూ రప్పించండి. తర్వాత రెండు ఆసరాల మధ్య, ఉదాహరణకు సోఫాకూ బరువైన స్టూలుకూ మధ్య, చిన్న ఖాళీ వదలండి. మొదట రెండూ ఒకేసారి అందేంత దూరం ఉండాలి. తర్వాత ఒకటి వదిలితే గానీ రెండోది అందనంత దూరానికి మెల్లగా పెంచాలి. ఆ ఖాళీలోనే, ఎవరూ చెప్పకుండా, మొదటి అడుగు పడుతుంది.

ఆరో దశ: తొలి అడుగులు

రెండు చేతులూ తలపైకి ఎత్తి పట్టుకుని నడిపించడం పెద్దలందరికీ అలవాటైన పద్ధతి. అలా పట్టుకున్నప్పుడు బిడ్డ మన చేతులకు వేలాడుతూ మునివేళ్ల మీదకు లేస్తుంది, తన తూకం తాను నిలుపుకోదు. పట్టుకోవాలంటే మీరు మోకాళ్ల మీద కూర్చుని, బిడ్డ చేతులు దాని భుజాల ఎత్తుకు మించకుండా పట్టుకోండి. అంతకన్నా మంచిది, నడుము దగ్గర లేదా తుంటి దగ్గర తేలికగా పట్టుకోవడం. కొద్దిరోజుల తర్వాత బిడ్డ వీపును గోడకు ఆనించి నిలబెట్టి, రెండడుగుల దూరంలో కూర్చుని చేతులు చాచండి. ఒక్క అడుగు వేసి మీ మీద పడిపోతే అదే ఆ రోజుకు చాలు. బిడ్డ దగ్గరకు వస్తుంటే వెనక్కి జరిగే అలవాటు మాత్రం మానుకోవాలి, అది నమ్మకాన్ని పోగొడుతుంది.

పడిపోవడం గురించి పెద్దలకు ఉన్న బెంగ పిల్లలకు ఉండదు. 2012లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన, 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారని, 17 సార్లు పడతారని లెక్కగట్టింది. ఈ సాధనంతా వాకర్‌లో కూర్చున్న బిడ్డకు దొరకదు. కొత్తగా నడిచే బిడ్డ పాదాలను ఎడంగా పెడుతుంది, చేతులను భుజాల ఎత్తుకు లేపి ఉంచుతుంది, పాదాలు చదునుగా, కాళ్లు విల్లులా కొంచెం వంగి కనిపిస్తాయి. ఇవన్నీ ఈ వయసుకు సహజం.

తోసుకుంటూ నడిచే బండి వాకర్ కంటే మెరుగైనది, ఎందుకంటే అందులో బిడ్డ తన బరువును తానే మోస్తుంది. అయితే పట్టుకుని స్థిరంగా నిలబడగలిగిన తర్వాతే ఇవ్వాలి. అడుగుభాగం వెడల్పుగా, బరువుగా ఉండాలి. చక్రాలు మరీ వేగంగా తిరుగుతుంటే బండిలో కొన్ని పుస్తకాలు పేర్చి, తివాచీ మీద తోయనివ్వండి. లేకపోతే బండి ముందుకు, బిడ్డ వెనక్కి అవుతుంది. మెట్లున్న వైపు దీన్నీ తీసుకుపోనివ్వకూడదు.

ఇంట్లో బూట్లు, చెప్పులు అక్కర్లేదు. ఒట్టి పాదం నేలను తాకినప్పుడే వేళ్లు పట్టు చిక్కించుకుంటాయి. బయట నడవడానికి చేతితో సులువుగా వంగే అడుగు ఉన్న, వేళ్ల ముందు కొంచెం ఖాళీ ఉన్న తేలికపాటి చెప్పులు చాలు, చీలమండను బిగించే గట్టి బూట్ల వల్ల నడక త్వరగా రాదు.

ఇంట్లో ఇప్పటికే వాకర్ ఉంటే

నేనిచ్చే సలహా దాన్ని విడదీసి పారేయమని. మరొకరి బిడ్డకు ఇవ్వడం సరికాదు, ముఖ్యంగా పాతబడిన, చక్రాలు అరిగిన, అంచు దగ్గర ఆపే రబ్బరు పట్టీలు ఊడిపోయిన వాకర్‌ను అసలే ఇవ్వకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టడం వల్లనో, మరో కారణం చేతనో వాడటం తప్పనిసరి అయితే, కనీసం ఈ హద్దులు పాటించాలి. ఆసరా లేకుండా చక్కగా కూర్చోవడం రాకముందు అందులో దింపకూడదు. పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా సీటు ఎత్తు సర్దాలి. చాపలు, తీగలు, గడపలు లేని, మెట్ల దారి గేటుతో మూసిన ఒకే గదిలో వాడాలి. వంటగదిలో, నీళ్ల దగ్గర, ఇంటి బయట వాడకూడదు. రోజు మొత్తంలో పదిహేను నిమిషాలకు మించకూడదు, ఆ పదిహేను నిమిషాలూ ఒక పెద్దమనిషి చేయి చాపితే బిడ్డ అందేంత దగ్గరలో ఉండాలి. దానికి అంత సమయం ఉన్న మనిషి, అదే సమయం బిడ్డతో నేల మీద కూర్చోవచ్చు కదా అన్న ఆలోచన మీకు వస్తే, ఆ ఆలోచన సరైనదే.

చాలా ఇళ్లలో వాకర్ కొనేది నడక కోసం కాదన్నది ఒప్పుకోవలసిన సంగతి. వంట చేసుకోవడానికి, స్నానం చేసి రావడానికి బిడ్డను ఒకచోట ఉంచాలి, ఇంట్లో రెండో మనిషి ఉండరు. ఆ అవసరం న్యాయమైనదే. దానికి నాలుగు వైపులా జాలీ ఉన్న ఆట ఆవరణ, బెల్టు బిగించిన ఎత్తు కుర్చీ, చక్రాలు లేకుండా ఒకేచోట ఉండే ఆట సీటు వంటివి ఉన్నాయి. వీటిలో ఆట ఆవరణకే నా ఓటు, ఎందుకంటే అందులో బిడ్డ దొర్లగలదు, దోగాడగలదు, అంచు పట్టుకుని లేవగలదు. బెల్టు వేసి కూర్చోబెట్టే ఏ సీటులోనైనా ఒక విడతలో గంటకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆట సీటుకు పావుగంట, ఇరవై నిమిషాలే ఎక్కువ.

వైద్యులను ఎప్పుడు కలవాలి

నాలుగు నెలలు నిండినా మెడ నిలపకపోతే, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోలేకపోతే, ఏడాది నిండినా దేన్నైనా పట్టుకుని లేవకపోతే, పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే పిల్లల వైద్యులతో మాట్లాడాలి. నెలల లెక్క ఎలా ఉన్నా వెంటనే చూపించవలసినవి వేరే ఉన్నాయి. ఒకవైపు చేయి లేదా కాలు మాత్రమే వాడటం, ఏడాది లోపే ఒకే చేతికి గట్టిగా అలవాటుపడటం, ఒళ్లు కర్రలా బిగుసుకుపోవడం లేదా గుడ్డలా వేలాడిపోవడం, డైపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానిలా విచ్చుకోకపోవడం, నడక వచ్చాక ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం అలాంటివి. అన్నింటికంటే ముఖ్యమైనది, వచ్చిన పని మరచిపోవడం. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ ఇప్పుడు కూర్చోలేకపోతుంటే రోజులు లెక్కపెడుతూ ఆగకూడదు.

వైద్యుల గదిలో కొత్త ముఖాలు చూసి చాలామంది పిల్లలు ఒళ్లో నుంచి దిగరు, దోగాడి చూపించమంటే ఏడుస్తారు. అందువల్ల వెళ్లే ముందు రోజు, ఇంట్లో నేల మీద ఆడుకుంటుండగా అర నిమిషం నిడివి గల వీడియోలు రెండు మూడు తీసి పెట్టుకోండి. వాటిలో పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి ఉండాలి, కాళ్లూ చేతులూ పూర్తిగా కనిపించాలి. ఎప్పుడు మెడ నిలిపింది, ఎప్పుడు కూర్చుంది అన్న తేదీలు, వాకర్ వాడి ఉంటే రోజుకు ఎంతసేపు వాడారన్నదీ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి, వైద్యులు మొదట అడిగేవి ఇలాంటి ప్రశ్నలే.